బీదల వాడలో పుట్టిన బడి

మాంటిస్సోరి అనగానే ఫీజులు గట్టిగా గుంజే బడి బోర్డు గుర్తొస్తుంది. ఆ పద్ధతికి పేరొచ్చింది మాత్రం బీదల వాడలో. 1907 జనవరి 6న రోము నగరంలోని శాన్ లొరెంజోలో, కూలీనాలీ చేసుకునేవాళ్ల ఇళ్ల సముదాయంలో ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. పెద్దవాళ్లు పనికెళ్లాక పిల్లలు గోడలూ మెట్లూ పాడుచేస్తున్నారన్నది ఆ ఇళ్ల కంపెనీ బెంగ. చదువు మీద ప్రేమ సంగతెలా ఉన్నా, సున్నం ఖర్చు తప్పుతుందన్న లెక్క ఒకటుంది! బాధ్యత తీసుకున్న డాక్టర్ మరియా మాంటిస్సోరి అంతకుముందు మందబుద్ధులని ముద్రపడిన పిల్లలకు నేర్పి వచ్చారు.

ఆమె పద్ధతిలోలా పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేస్తే క్రమశిక్షణ ఏముంటుందని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. ఆమె వాడిన చెక్క దిమ్మెను చూడండి. పది గుంటలు, వాటికి సరిపడే పది బిరడాలు. సన్న బిరడాను వెడల్పు గుంటలో పెడితే చివరికి ఒకటి ఎక్కడా పట్టక మిగిలిపోతుంది. టీచరు గద్దించక్కర్లేదు, పిల్లవాడే అన్నీ తీసి మళ్లీ మొదలుపెడతాడు. ఇంతకంటే గట్టి క్రమశిక్షణ ఏ బెత్తం నేర్పుతుంది? ముస్సోలినీ ప్రభుత్వం ఈ బడులను చేరదీసిందిగా అనేవారూ ఉన్నారు. నిజమే, ఆ ఆదరణను ఆమె కాదనలేదు, అది మచ్చే. 1930లలో ఆ పొత్తు చెడి, ఇటలీలో ఆ బడులు మూతపడ్డాయి. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఈ పద్ధతి డబ్బున్నవాళ్లకే అనుకోవడం శాన్ లొరెంజోను మరిచిపోవడమే. మన అంగన్‌వాడీలకే ఇది ముందు అందాలి.