ప్రమాణపత్రముపై చేవ్రాలు

తొండేభావి వర్తకుడొకడు పాత బాకీకై గౌరీబిదనూరు కోర్టునకు పోయినాడనుకొనుడు. అఫిడవిట్టు సిద్ధముగా నున్నది. 'ఈ పైకము నా కన్నులయెదుట ఇచ్చిరి' అని అందున్నది. ఇచ్చినది తండ్రి, కొడుకు ఖాతాపుస్తకములో చదివినదే గాని కన్నులార చూడలేదు. బాకీ నిజమే గదా, చేవ్రాలు చేసిన దోషమేమి?

దోషమున్నది. తత్త్వార్థసూత్రము సత్యాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో కూటలేఖక్రియ యొకటి. బాకీ నిజమైనను 'చూచితిని' అనుట కల్ల. సివిల్ ప్రొసీజర్ కోడు 19వ ఆర్డరును ఇదే అడుగును: స్వయముగా ఎరిగినదే వ్రాయవలెను, మధ్యంతర దరఖాస్తులలో మాత్రము నమ్మినదియు వ్రాయవచ్చును, అందులకు ఆధారము చూపవలెను. దేవుని పేర ప్రమాణము చేయనొల్లనివారికి 1969 నాటి ప్రమాణముల చట్టము సత్యప్రతిజ్ఞకు వీలిచ్చినది గాని, కల్లకు ఇయ్యలేదు.

'తండ్రిగారి ఖాతా వలన తెలిసినది' అని దిద్దించినచో వ్యాజ్యము కొంత బలహీనపడవచ్చును, వకీలు విసుగుకొనవచ్చును. అయినను చేవ్రాలునకు ముందే ఆ పంక్తి మార్పించి, ఖాతాను కోర్టు ముందుంచవలెను.