చదివించారు, మానేసింది

ఆడపిల్ల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం వాడే క్రియల్ని ఎప్పుడైనా గమనించారా? "మా నాన్న నన్ను చదివించారు" అంటాం. "ఆ అమ్మాయి పదితో మానేసింది" అంటాం. మొదటి వాక్యంలో రాత్రుళ్ళు మేలుకుని చదివిన మనిషి కర్త కాదు, కర్మ. రెండో దాంట్లో మాత్రం ఆమే కర్త. చదివితే ఘనత ఇంటిది, ఆగిపోతే ఆ పని పిల్లది. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకం అని చెప్పి దాటేస్తాం. నాకు ఇందులో న్యాయానికి సంబంధించిన ప్రశ్న ఉందనిపిస్తుంది.

ఈ రెండు వాక్యాలూ నాకు పదో తరగతి నుంచే వినిపిస్తున్నాయి. 2003-04లో, అప్పటి గుంటూరు జిల్లాలో, 2022 నుంచి పల్నాడు జిల్లా అయిన వైపు ఒక పల్లెటూరి హైస్కూల్లో చదివాను. స్టడీ అవర్లు, గైడ్లు, స్లిప్ టెస్టులు అందరికీ ఉన్నవే. మగపిల్లల ఇళ్ళలో "తర్వాత ఏ గ్రూపు?" అని అడిగేవారు. మా ఇళ్ళలో "తర్వాత?" అని ఆగిపోయేవారు. జూనియర్ కాలేజీ 12 కిలోమీటర్లు, బస్సు రోజుకి రెండుసార్లు. జనవరి నుంచి మిరపకోతలు. కూలికి మనిషి దొరకని రోజున క్లాసులో బెంచీలు ఖాళీ అయ్యేవి, అదీ ఒకవైపు బెంచీలే.

నా పక్కన కూర్చునే స్నేహితురాలికి లెక్కల్లో ఎప్పుడూ నాకంటే ఎక్కువ వచ్చేవి. పబ్లిక్ పరీక్షల్లో 600కి 471 తెచ్చుకుంది. 360 వస్తే ఫస్టు క్లాసని ఊరంతా చెప్పుకునే రోజులవి. ఏడాది తిరక్కుండా ఆమె పెళ్ళయింది. చట్టం అప్పటికే ఒప్పుకోదు. 1978 సవరణతోనే ఆడపిల్ల పెళ్ళి వయసు 18 అయింది. 2009 నాటి విద్యాహక్కు చట్టమేమో 6 నుంచి 14 ఏళ్ళ వరకే. పది రాసే పిల్ల ఈ రెండు అంకెల మధ్య నిలబడి ఉంటుంది. 14 దాటాక ఎందుకు చదివించలేదని ఆ చట్టం అడగదు, 18 నిండేదాకా తన సంగతి తను తేల్చుకునే అధికారం ఆమెకి రాదు. ఆ నాలుగేళ్ళూ ఇంటివాళ్ళ దయ. దయ కాబట్టే కృతజ్ఞత కోరుతుంది.

నాకు పిహెచ్‌డి వచ్చినప్పుడు ఇంటికొచ్చినవాళ్ళంతా నాన్నని అభినందించారు. నాన్న మంచివాడే. తమ్ముడి ఇంజనీరింగ్ పూర్తయినప్పుడూ ఆయన్ని అభినందించారు, కానీ అక్కడ మెచ్చుకున్నది ఆయన పెట్టిన ఖర్చుని, పడ్డ కష్టాన్ని. నా విషయంలో మెచ్చుకున్నది అనుమతిని. ఖర్చుకి కృతజ్ఞత చెప్పగలను. అడ్డుపడనందుకు కూడా చెప్పాలా? దారిలో మనల్ని కొట్టకుండా పోయిన మనిషికి దండం పెడతామా? (ఇంటర్ రెండేళ్ళూ తెల్లారి అయిదింటికి లేచి నాకు క్యారేజీ కట్టిన అమ్మ పేరు ఈ అభినందనల్లో ఎక్కడా లేదు.)

పోనీ, "మానేసింది" అన్న చోటల్లా "మాన్పించారు" అని దిద్దితే సరిపోదా? మనం మామూలుగా చేసేది అదే. చిక్కేమిటంటే నా స్నేహితురాలు ఆ దిద్దుబాటుకి ఒప్పుకోదు. రెండేళ్ళ కిందట పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో కలిసినప్పుడు ఇలా అంది: "నన్నెవరూ మాన్పించలేదే. నేనే మానేశా. అడిగితే వద్దంటారని తెలుసు. అందుకే అడగలేదు."

అందని దాన్ని మనసు తనంతట తానే వద్దనుకోవడం గురించి జాన్ ఎల్‌స్టర్ 1983లో పుల్లని ద్రాక్షల పేరుతోనే పుస్తకం రాశాడు. అలా సర్దుకున్న ఇష్టాల్ని న్యాయానికి కొలతగా తీసుకోకూడదని, మన దేశపు స్త్రీల జీవితాలు చూసి మరీ, మార్తా నస్‌బామ్ వాదించింది. నిజమే. కానీ నా స్నేహితురాలు ద్రాక్ష పుల్లన అనలేదు. చదువు మీద ఇష్టం చంపుకోలేదు, అడగడం ఒక్కటే ఆపుకుంది. అడిగి ఉంటే ఆ ఇంట్లో కాదన్న తండ్రి, కాదనిపించుకున్న కూతురు మిగిలేవాళ్ళు. పదిహేనేళ్ళ పిల్ల చేసిన ఆలోచన అది. దాన్ని "మాన్పించారు" అని నేను రాస్తే, ఆమెకున్న ఒక్క క్రియనీ లాక్కున్నట్టే. "మానేసింది" అని వదిలేస్తే, అడక్కముందే ఆ ఇంట్లో సిద్ధంగా ఉన్న జవాబు లెక్కలోకి రాకుండా పోతుంది. ఎవరూ బలవంతపెట్టలేదు కాబట్టి అన్యాయం జరగలేదనే వాదన ఈ సందులోనే బతుకుతోంది. నేను దాన్ని ఒప్పుకోను. జవాబు అంత గట్టిగా తెలియాలంటే అంతకుముందే ఎన్నోసార్లు విని ఉండాలి, అక్కకి చెబుతుంటేనో, పక్కింటి పిల్ల గురించి అనుకుంటుంటేనో.

ఆమె కూతురు 2025 మార్చిలో పది రాసింది. ఫోన్ చేసి, ఏం చదివిస్తున్నావే అని ఆ ప్రేరణార్థకంతోనే అడిగాను.

"ఎంపీసీ కావాలంట. వాళ్ళ నాన్నని అడగమన్నా. అది అడిగేటప్పుడు నేనూ అక్కడే కూర్చున్నా. ఆయన ఏం మాట్లాడలేదు. అది మళ్ళీ అడిగింది" అంది.