పాపమునకు మూలమెవ్వరు?

ఈశ్వరుఁడు మంగళస్వరూపుఁడే యైనచోఁ బాపమెక్కడినుండి వచ్చెనను ప్రశ్న క్రైస్తవ పండితులను తొలినాళ్లనుండియుఁ గలఁచినది. సైతానే కారకుఁడనుట సులభము; కాని యా సైతానును జెఱిచినదెవరని మరల నడుగవలసి వచ్చును.

ఆదికాండమున హవ్వను మోసగించినది సర్పము. అచ్చట సైతాను పేరే లేదు. హెబ్రీ భాషలో నా పదమునకు విరోధి యని యర్థము. యోబు గ్రంథములో నతఁడు దైవసభయందు నిలిచి నరుని శీలమును శంకించువాఁడు. దేవుని యనుమతి మీఱి యేమియుఁ జేయలేఁడు.

క్రీ. శ. 354లో ఉత్తరాఫ్రికాయందు జన్మించిన అగస్టీను, వెలుఁగు చీఁకటులు రెండును అనాదిశక్తులను మానీ మతమును గొన్నియేండ్లు నమ్మి విడిచెను. చెడుగునకు స్వతంత్రమైన సత్త లేదు, మేలు కొఱవడుటయే చెడుగని పిదప నిర్ణయించెను. పదునాఱేండ్ల ప్రాయమున, ఆఁకలి లేకయే తోడివారితోఁ బండ్లు దొంగిలించిన వృత్తాంతమును దన యాత్మకథలో వ్రాసి, దోషమును దన హృదయమునందే కనుఁగొనెను. అయినను ఆదాము పాపము శిశువులకును సంక్రమించునని యాయన వాదించెను, పెలాగియసు కాదనెను, 418లో కార్తేజి సభ పెలాగియసు బోధను ఖండించెను. ఒకని నేరమునకు వేఱొకని దోషిగా నెంచుటకు మా న్యాయబుద్ధి యొప్పదు. శోధనకు మూలము మన కోరికయే యని యాకోబు పత్రికయు బోధించుచున్నది.

ఆదాము స్త్రీని జూపెను. స్త్రీ సర్పమును జూపెను. మన దేశమున మనము కలిపురుషుని, గ్రహములను, పూర్వకర్మమును జూపుచున్నాము. ముద్దాయిస్థానమున నన్యుని నిలిపి మనము తొలఁగుట యిఁకఁ జాలును. పాపము లోకమునఁ బుట్టిన నాఁడు మనకుఁ దెలియకున్నను, అది మనలోఁ బుట్టు నిమిషము మనకుఁ దెలియును. ఆ నిమిషముననే సర్వసాక్షియగు తండ్రిని శరణు వేఁడుదము గాక!