అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క మాట

మియాపూర్‌లో ఇల్లు చూశామన్నారు, బాల్కనీ బాగుందన్నారు, ఇద్దరి జీతాల్లో అద్దె ఏపాటి అన్నారు. సంతోషమే. కానీ కాస్త ఆగండి. అడ్వాన్సు ఇంకా మీ చేతిలోనే ఉంది కదా, ఇచ్చేశాక నేనెంత మొత్తుకున్నా లాభం లేదు.

అద్దె అంటే ఓనరు చెప్పిన అంకె ఒక్కటే కాదర్రా. దాని వెనకాల మెయింటెనెన్సు వస్తుంది, కరెంటు వస్తుంది, గ్యాసు, పాలు, మంచినీళ్ల క్యాను, వైఫై, పనిమనిషి జీతం వస్తాయి. ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకర్ల డబ్బులు ఫ్లాట్లన్నీ పంచుకోవాలి. చేరకముందే పక్కింటి ఆవిణ్ణి అడగండి, మే నెలలో ఎంతవుతుందమ్మా అని. ఓనరు చెప్పనిది ఆవిడ చెబుతుంది.

కరెంటు సంగతి మరీ జాగ్రత్త. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటాయంటే, దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. ఏసీ వేసుకోవద్దని కాదు నా ఉద్దేశం, వేసుకోండి. మీటరు వంక కూడా ఓసారి చూస్తూ ఉండండి.

ఇవన్నీ కలిపితే వచ్చేదే అసలు అద్దె. అది ఒక్కరి జీతంలో ఇమడాలి. ఇద్దరి జీతాల్లో ఇమిడితే చాలదా అంటారు. చాలదు. రేపు ఒకరిని కంపెనీలో బెంచి మీద కూర్చోబెట్టొచ్చు. పాపో బాబో కడుపున పడొచ్చు. అప్పుడు బాల్కనీ అద్దె కట్టదు. ఒక్కరి జీతంలో ఇమడాలి, మళ్లీ చెబుతున్నా.

ఇంకోటి, ఇదే అసలైనది. బాబూ, చెల్లి ఫీజు నువ్వే కడుతున్నావు, మంచి పనే. ఆ సంగతి ఈ పిల్లకి చెప్పావా? అమ్మాయీ, నువ్వూ అంతే. నాన్నగారి మందులకి నెలనెలా పంపుతున్నావు, అందులో దాపరికమెందుకు? పంపినందుకు ఎవరూ తప్పుపట్టరు. చెప్పకుండా పంపితే, ఆర్నెల్ల తర్వాత బ్యాంకు మెసేజ్‌లో బయటపడితే, అప్పుడు డబ్బు గురించి కాదు గొడవ. జీతాలు పడిన రోజే కూర్చోండి, ఇటు వాళ్లకింత, అటు వాళ్లకింత, ఇంటికింత అని చెరో మాటా అనుకోండి. మొదట్లో మొహమాటంగానే ఉంటుంది. అయినా కూర్చోండి.

సామాన్ల దగ్గర కూడా తొందరొద్దు. స్టవ్వు, పరుపు, నాలుగు గిన్నెలు ఉంటే కాపురం నడుస్తుంది. పాలు పొంగించిన నెలలోనే సోఫా, పెద్ద టీవీ, డబుల్ డోర్ ఫ్రిజ్ అన్నీ ఈఎంఐలో తెచ్చేస్తే, ఆ వాయిదాలూ అద్దెలో చేరినట్టే. ఒక్కొక్కటి కట్టడం అయ్యాక ఇంకొకటి కొనుక్కోండి. ఎవరు తరుముతున్నారు మిమ్మల్ని?

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు. పన్నెండో నెలలో ఎంత పెంచుతారో అందులో రాయించండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకోవడం చాలాచోట్ల అలవాటు, అదీ ఇప్పుడే అడగండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్చులు ఫోటోలు తీసి ఓనరుకి వాట్సాప్‌లో పెట్టండి. అడ్వాన్సు మాత్రం నోట్ల కట్టగా ఇవ్వకండి, ఖాతాకే పంపండి, ఎందుకు పంపారో కింద రాసి మరీ పంపండి.