కట్టు ఎవరిది?

ఆర్మూర్ దిక్కు పసుపు చేన్లల్ల పనికి పోయే మా అవ్వలు చీర మీద మొగోల్ల అంగి తొడుగుతరు, ఎండకూ దుమ్ముకూ అడ్డంగ. ఆమెనే మంచి చీర కట్టి బజారుకు పోతే 'దొరసాని లెక్క తయారైంది' అంటరు. ఆ కోపం చీర మీద కాదు, కట్టిన కులం మీద.

తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు కొట్లాడితే 1859లో రొమ్ము కప్పుకునే హక్కిచ్చిన్రు. పైకులపోల్ల తీరుగ మాత్రం కప్పొద్దన్నరు. బట్ట ఇచ్చి తీరును దాచుకున్నరు. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ మన ఆడోల్లను ఆ తీరునే అందుకొమ్మన్నడు: చీర వాళ్ల లెక్కనే కట్టున్రి, కులం పట్టిచ్చే నగలు తీసెయ్యిన్రి అని.

మరి వాళ్ల కట్టే మన అందమా? కాదు. కులం గుర్తు చెరుపుకోవడం మొదటి మెట్టు మాత్రమే. నా కూలి పైసలతో ఏ బట్ట కొనాలె, ఎట్ల కట్టాలె అనేది నేనే అనుకోవాలె, ఎవరికీ జవాబు చెప్పకుంట.