మీటరు పలికే సాక్ష్యం

పాత కారు కొనబోయేవారు మొదట చూసేది కిలోమీటర్ల మీటరునే. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండి నలభై వేలే తిరిగినట్లు కనబడితే దాని ధర పెరుగుతుంది. పూర్వం మీటరు చక్రాలను వెనక్కి తిప్పేవారు. నేటి బండ్లలో ఆ అంకె చిప్‌లో ఉంటుంది. కంప్యూటరు తగిలించి దాన్ని మార్చేవారున్నారు. ఈ మోసాన్ని అరికట్టడానికి అమెరికా 1972లోనే చట్టం చేసింది. జర్మనీ 2005లో దీన్ని శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది.

"అందరూ చేసేదే కదా, కొనేవాడికీ తెలుసు" అని కొందరు సమర్థించుకుంటారు. నిజంగా కొనేవాడికి తెలిస్తే తిప్పినందువల్ల లాభమేముంది? ఎవరో ఒకరు ఆ అంకెను నమ్ముతున్నారు కాబట్టే దాన్ని తిప్పుతున్నారు. అంటే మనం అమ్ముకుంటున్నది మన సోదరుని నమ్మకాన్నే!

తాను పుచ్చుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇతరులకిచ్చేటప్పుడు తగ్గించే వారికి వినాశం తప్పదని దివ్యఖుర్ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరిస్తున్నది. కొలత అంటే తక్కెడ మాత్రమే కాదు, కిలోమీటరు కూడా కొలతే. పైగా ఆయిలు, బెల్టు మార్చవలసిన గడువును మీటరును బట్టే లెక్కిస్తారు. అంకె అబద్ధమైతే గడువు దాటిన సంగతి తెలియక ఒక కుటుంబం ప్రాణాపాయంలో పడవచ్చు.

ఒకసారి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడిని పైనే ఉంచవలసిందని ఆయన మందలించారు, మోసగించేవాడు తనవాడు కాడన్నారు. ఆ వర్తకుడు అబద్ధమాడలేదు, లోపాన్ని అడుగున దాచాడు, అంతే. మీటరు తిప్పేవాడు అంతకు మించి అబద్ధాన్ని పైన పరుస్తున్నాడు.

మరి మనమే మోసపోయి, తిప్పిన మీటరున్న బండిని కొన్నామనుకోండి. దాన్ని అమ్మేటప్పుడు నోరు మూసుకోవచ్చా? అసలు పరీక్ష ఇక్కడే ఉంది. మనకు మోసం చేసిన వాని నుండి నష్టం రాబట్టుకునే హక్కు మనకుంది. కాని ఆ నష్టాన్ని ఏ పాపమూ ఎరుగని మూడో మనిషి నెత్తిన రుద్దే హక్కు లేదు. "ఈ అంకెను నమ్మకండి" అని చెప్పి, తగ్గిన ధరకే అమ్మాలి. చేతికి వచ్చే సొమ్ము తగ్గవచ్చు, శుభం తగ్గదు.

కొనేవారికీ బాధ్యత ఉంది. అనవసర అనుమానాన్ని ఖుర్ఆన్ వారించింది, విచారణ చేసుకోమనీ ఆదేశించింది. సర్వీసు రికార్డులు చూడాలి, అరిగిన పెడళ్లను, స్టీరింగును గమనించాలి, మెకానిక్కుకు చూపించాలి. ఇది నింద కాదు, జాగ్రత్త.

ముతఫ్ఫిఫీన్‌కు ముందున్న ఇన్ఫితార్ సూరా, మన కర్మలను వ్రాసే గౌరవనీయ లేఖకులను గుర్తు చేస్తుంది. ఆ లెక్కను వెనక్కి తిప్పగల కంప్యూటరు లేదు. తౌబాతో, హక్కుదారునికి హక్కు చెల్లించడంతో దాన్ని సరిదిద్దుకునే గడువు మాత్రం ఊపిరి ఉన్నంతవరకే.