పేరు పెట్టేముందు

వేసవిలో కరెంటు పోయిన రాత్రుళ్లు మేం డాబా మీదే పడుకుంటాం. ఎక్కడో రెండు మూడు జిల్లాల అవతల వాన కురుస్తూ ఉంటుంది. ఉరుము ఇక్కడిదాకా వినపడదు. ఆకాశం అంచున మబ్బు మాత్రం లోపల్నుంచి వెలిగి ఆరిపోతూ ఉంటుంది. చిన్నప్పట్నుంచీ ఆ వెలుగుని చూస్తూనే నిద్రలోకి జారుకున్నాను. మబ్బుకి పైన ఏముంటుందన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. పిడుగంటే పడేదేగా మనకి! చూపు కూడా దాని వెంట కిందికే పోతుంది.

ఎంత పెద్ద ఉరుముల మబ్బైనా దాని తల 20 కిలోమీటర్ల ఎత్తు దాటడం అరుదు. దానికి ఎంతో పైన, 50 నుంచి 90 కిలోమీటర్ల మధ్య, ఒక్కోసారి ఎర్రటి వెలుగు విచ్చుకుంటుంది. పైన గుబురుగా, కింద మర్రి ఊడల్లా సన్నగా వేలాడే తీగలతో ఉంటుంది. సెకనులో వెయ్యోవంతులు కొన్ని గడిచేసరికి ఇక కనపడదు. కింద ఒక బలమైన పిడుగు మబ్బులోని ధనావేశాన్ని ఒక్కసారిగా నేలకి దించేసినప్పుడు పైనున్న విద్యుత్ క్షేత్రం కుదుపుకి లోనవుతుంది. అంత ఎత్తున గాలి చాలా పలచన. ఆ కుదుపుకి అందులోని నైట్రోజన్ ఎర్రగా వెలుగుతుంది. మెరుపులా కాల్చేసే వేడి దానికి లేదు.

దీన్ని స్ప్రైట్ అంటారు.

ఆ మాట వినగానే మనకి గుర్తొచ్చేది కిరాణా కొట్టు ఫ్రిజ్‌లోని కూల్‌డ్రింక్ సీసా. 1958లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఒక చిన్న కారుకీ అదే పేరు. ఇంగ్లిషువాళ్ల పాత కథల్లో అడవుల్లోనూ నీళ్లలోనూ కనపడీ కనపడక తిరిగే చిన్న ప్రాణులు స్ప్రైట్‌లు. మాట మూలం లాటిన్‌లో ఉంది, అక్కడ దానికి అర్థం ఊపిరి. వీడియో గేముల్లో కదిలే బొమ్మనీ స్ప్రైట్ అనే అంటారు. 1982లో వచ్చిన కమోడోర్ 64 కంప్యూటర్‌లో అలాంటివి ఎనిమిది ఉండేవి. స్ప్రైట్‌లు రాకముందు తెర మీద ఒక బొమ్మ జరిగితే, అది కప్పేసిన చెట్టునో గోడనో మళ్లీ గీయాల్సి వచ్చేది. స్ప్రైట్ అలా కాదు. వెనక ఉన్నదాన్ని చెరపకుండా, దానిమీద తేలుతూ వెళ్లిపోతుంది. ఈ సంగతి తెలిసినప్పట్నుంచీ ఆ మాట మీద నాకు ఇష్టం పెరిగింది.

ఆకాశంలోని వెలుగుకి ఆ పేరు రావడానికి చాలా కాలం పట్టింది. మబ్బుల మీదుగా వింత వెలుగులు కనపడ్డాయన్న కబురు 1886లోనే నేచర్ పత్రికలో అచ్చయింది. మబ్బుకి పైన కూడా విద్యుత్తు ప్రసరించవచ్చని సి.టి.ఆర్. విల్సన్ అనే శాస్త్రవేత్త 1920లలో లెక్కకట్టి చెప్పాడు. విమానాల పైలట్లు వాటిని కళ్లారా చూశారు. చూసినవాళ్లలో చాలామంది పైకి చెప్పలేదు, నవ్వుతారని. ఆకాశంలో ఒంటరిగా ఒక అద్భుతాన్ని చూసి, కిందికి దిగి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లి అన్నం తిన్న మనిషిని తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. బెర్నార్డ్ వోనెగట్ లాంటి కొందరు శాస్త్రవేత్తలు మాత్రం ఆ పైలట్ల మాటల్ని ఓపిగ్గా విని రాసిపెట్టారు.

1989లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ వింక్లర్ బృందం ఒక రాకెట్ ప్రయోగం కోసం మసక వెలుతురులో పనిచేసే కెమెరాని పరీక్షిస్తోంది. అనుకోకుండా అందులో ఈ వెలుగు పడింది. 1994లో అలాస్కా శాస్త్రవేత్తలు విమానంలోంచి తీసిన రంగుల దృశ్యాల్లో అది ఎర్రగా ఉంటుందని తేలింది. వాళ్లలో డేవిస్ సెంట్‌మన్ ఒకరు. అప్పటికే కొందరు దీన్ని పైకి పోయే మెరుపు అంటున్నారు. ఆ మాట ఆయనకి సరిపడలేదు. అది పైకి పోతోందని ఎవరు చూశారు? అసలు మెరుపేనని ఎవరు తేల్చారు? తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పని మాట ఏదైనా ఉందా అని వెతికి, కథల్లోంచి స్ప్రైట్‌ని తెచ్చుకున్నాడు. తర్వాత అతివేగంగా ఫొటోలు తీసే కెమెరాలు వచ్చాక చూస్తే, ఆ తీగలు ముందు పుట్టుకొచ్చేది పైనే. అక్కణ్నుంచి కిందికి దూకుతాయి. పాత పేరే స్థిరపడి ఉంటే ఏళ్లతరబడి అందరూ తప్పు దిక్కుకే చూస్తూ ఉండేవాళ్లేమో.

మా అక్క కొడుక్కి మూడేళ్లకే మా ఇంట్లో మొండోడని పేరు పడిపోయింది. మొదట ఎవరన్నారో గుర్తులేదు. నేనూ అన్నాను. అన్నం వద్దన్నా మొండే, ఎండలోకి పోతానన్నా మొండే. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. ఓ రోజు పెళ్లికి బయల్దేరుతుంటే గడప మీద కూర్చుని చెప్పుల బకిల్ తనే పెట్టుకుంటానన్నాడు. బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు. సాయం చేయబోయిన అక్క చేతిని తోసేశాడు. కోప్పడదామనే పక్కన కూలబడ్డాను. ఆ చిన్న వేళ్లు పట్టీని బకిల్‌లోంచి లాగుతున్నాయి. పిన్ను బెజ్జంలో పడేలోపే పట్టీ జారిపోతోంది. మళ్లీ మొదట్నుంచీ. నాలుగోసారో ఐదోసారో నాలుక చివర బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, బొటనవేలితో పిన్నుని అదిమాడు. దూరింది. నా వైపు చూడనైనా చూడలేదు. రెండో చెప్పు అందుకున్నాడు.

అబ్బ, ఎంత శ్రద్ధ అనబోయి ఆగాను. అదీ ఇంకో పేరే అవుతుంది. మొండోడన్న మాట మాత్రం ఆ రోజు నుంచి నా నోట రాలేదు. ఆ పేరు అడ్డుపడి అంతకుముందు వాడిలో నేనేమేం చూడలేదో ఇప్పుడెవరు చెప్తారు? అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

వాడికిప్పుడు తొమ్మిదేళ్లు. మొన్న డాబా మీద నా పక్కనే పడుకున్నాడు. దూరంగా మబ్బు వెలుగుతోంది. మబ్బు కింద ఉన్నవాళ్లకి స్ప్రైట్ కనపడదనీ, దూరంగా చీకట్లో ఉన్నవాళ్లకే ఆ అదృష్టమనీ చెప్పాను. 2022 మే నెలలో గంగా మైదానం నుంచి హిమాలయాల దాకా పరుచుకున్న ఒక వానకి, అవతల టిబెట్‌లోని ఓ సరస్సు దగ్గర నిలబడ్డ ఇద్దరు ఒక్క రాత్రిలో 105 స్ప్రైట్‌లని ఫొటో తీశారనీ చెప్పాను.

"ఎక్కడ చూడాలి పిన్నీ?"

వాన 300 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే, చేయి చాచి పిడికిలిని ఆకాశం అంచు మీద నిలబెట్టాలి. దానికి కాస్త పైన. వాడు లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్లి, ఓ కన్ను మూసి, మబ్బు మీద పిడికిలి నిలబెట్టాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుట్టినట్టుంది, రెండో చెయ్యి చాచాడు.